గద్దల గుట్ట మీది సాక్షి

మౌలాలి బాధ ఒక్కటే. ఊరు తన మాటలో సగం నమ్మింది, సగం నమ్మలేదు. నమ్మని సగానికి న్యాయం చెయ్యమని గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు పేరు నన్నేసా. కొలిమిపాడులో దూదేకుల వీధి చివర ఉండేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని ఫకీరు అనేవాళ్ళు గానీ, జోలె పట్టి ఎవరి గడపా తొక్కలేదు. పరుపులకీ బొంతలకీ దూది ఏకి బతికాడు. తురకలూ హిందువులూ కూడా సామీ అనే పిలిచేవాళ్ళు. శిష్యరికం కోరి వచ్చినవాళ్ళ చేతికి ఆయన పుస్తకం ఇచ్చేవాడు కాదు, దూది ఏకే విల్లు ఇచ్చేవాడు. మనిషంత పొడుగుండే విల్లు అది. నరంతో చేసిన తాడు బిగించి ఉంటుంది. కొయ్య గుండుతో తాడు మీద కొడితే అది మోగుతుంది, కింద దూది రేగుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే మోత. దైవనామం ఎప్పుడు చెబుతారు సామీ అని ఒక కొత్త శిష్యుడు ఆరునెలలు ఓపిక పట్టి అడిగితే, ఇన్నాళ్ళూ ఇది ఏమంటాందో వినలేదా అని తాడు చూపించాడట. ఆ శిష్యుడు మర్నాడు వెళ్ళిపోయాడు. ఇప్పుడతను కడపలో సోడాల దుకాణం పెట్టుకున్నాడని, బాగానే ఉన్నాడని చెబుతారు.

దూది నుసి కళ్ళకి మంచిది కాదు. అరవై ఏళ్ళు దాటేసరికి నన్నేసాకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అప్పట్నించి విల్లు మౌలాలి చేతికి వచ్చింది. పన్నెండేళ్ళు అదే ఇంట్లో ఉండి, వండి పెట్టి, నీళ్ళు తోడి, దూది ఏకి, గురువుని కనిపెట్టుకున్నవాడు మౌలాలి. మంచివాడు. కష్టపడేవాడు. అతనికి ఉన్నదల్లా ఒక్కటే గర్వం. అది కళ్ళ గురించి.

కొలిమిపాడు గద్దల గుట్టకి తూర్పున, గుట్టని ఆనుకుని ఉంటుంది. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా పడమటి ఆకాశం కనబడదు, గుట్టే కనబడుతుంది. మిగతా రోజుల్లో దానివల్ల నష్టం లేదు, సాయంత్రం ఎండ తొందరగా పోతుంది కాబట్టి లాభమే. రంజాను నెలలో మాత్రం చిక్కు. ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం పడమట నెలవంక కనబడితే మర్నాడు పండగ. కనబడకపోతే ముప్ఫయ్యోది కూడా ఉండాలి. అందుకని ఆ సాయంత్రం ఇద్దరు మనుషుల్ని గుట్ట మీదికి పంపడం ఆ ఊరి ఆచారం. ఇద్దరూ దిగి వచ్చి మసీదు గడప బయట నిలబడి, ద్వారబంధం పట్టుకుని, చూసిందీ చూడనిదీ చెప్పాలి. చెప్పేదాకా గడప దాటి లోపలికి రాకూడదు. చూశామంటే నగారా మోగుతుంది.

అప్పటికే పంచాయితీ ఆఫీసులో రేడియో వచ్చింది. ఢిల్లీలో ఎప్పుడు కనబడిందో, హైదరాబాదులో ఎప్పుడు కనబడిందో అది చెప్పేది. ఆ మాట తీసుకుంటే పోలేదా అని కుర్రవాళ్ళు అన్నారు. మసీదులో నమాజు చేయించే ఖాదరువలీ ఒప్పుకోలేదు. రేడియో ఒక్కపూటైనా ఉపవాసం ఉన్నదా, దాని సాక్ష్యం ఎట్ల చెల్లుతుంది అన్నాడు. దాంతో రేడియో మాట పోయింది.

గుట్ట ఎక్కే ఇద్దరిలో ఒకడు మౌలాలి. పదకొండేళ్ళుగా అతనే. ఎంత మసక ఉన్నా, గోరు కత్తిరించి పారేసినంత నెలవంకైనా, అతని కళ్ళకి దొరికేది. మౌలాలి చూస్తే పండగ అని ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఆ మాట విన్నప్పుడల్లా తలవంచుకునేవాడు గానీ, విననట్టు మాత్రం ఉండేవాడు కాదు.

రెండోవాడు లాలప్ప. షరియతు ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి కాబట్టి లాలప్ప. అతనికి యాభై అయిదేళ్ళు, మోకాలు నొప్పి, బీడీ అలవాటు. ఉపవాసం నాడు పగలంతా బీడీ ముట్టకూడదు గదా. పొద్దు గుంకగానే అందరూ ఖర్జూరం పండుతో ఉపవాసం విడిస్తే లాలప్ప ప్రాణం బీడీ మీదికి పోయేది. నెలవంక కనబడేదేమో సరిగ్గా ఆ వేళకే. అందుకని అతను సగం గుట్ట ఎక్కి, గాలి తగలని బండ సందు చూసుకుని, గుట్టకి తూర్పుపక్కన కూర్చునేవాడు. పైనించి మౌలాలి దిగి వస్తే కలిసి దిగేవాడు. మౌలాలి చూశానంటే నేనూ చూశాననేవాడు. పదకొండేళ్ళూ అట్లాగే జరిగింది. మౌలాలి కళ్ళు తప్పవు కాబట్టి లాలప్ప సాక్ష్యమూ తప్పలేదు. అందులో మోసమేమన్నా ఉందని వాళ్ళిద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

ఆకాశం పడమట కొంచెం దుమ్ముగా ఉంది. పొద్దు గుంకింది. కింద మసీదులో అజాన్ వినబడింది. మౌలాలి రుమాలు ముడి విప్పి ఖర్జూరం చేతిలోకి తీసుకున్నాడు. నోట్లో వేసుకోబోతుండగా ఎడమ కంటి అంచున ఏదో వెలిగింది.

అది ఏమిటో ఇప్పుడు మనకి తెలుసు. ఆకాశంలో తిరిగే రాయి ఏదో భూమి దారికి అడ్డం వచ్చి, గాలి రాపిడికి మండిపోవడం. రోజూ చిన్నచిన్నవి రాలుతూనే ఉంటాయి, ఆవగింజంతవి, ఇసక రేణువంతవి. వాటినే చుక్క తెగిపడింది అంటారు. ఇది ఆవగింజ కాదు. సైన్సు పుస్తకాల్లో పెద్ద ఉల్క అనో అగ్నిగోళం అనో రాస్తారు. ఎన్ని పేర్లున్నా, ఎదురుగా చూసినవాడికి ఆ క్షణంలో ఒక్కటీ గుర్తుండదని చూసినవాళ్ళు చెబుతారు. చిన్నప్పుడు మా పక్కింటి అవ్వ ఒకటి చూసి, నలభై ఏళ్ళపాటు అదే చెప్పి, చివరికి దాని రంగు కూడా మరిచిపోయి, అయినా చెప్పడం మానలేదు.

దక్షిణం నించి ఉత్తరానికి పోయింది అది. నిండు చంద్రుడిలో సగమంత ఉంది. ముందు తెల్లగా, తర్వాత పచ్చగా, చివరికి కొలిమిలోంచి తీసిన ఇనుములా ఎర్రగా. నిప్పురవ్వలు రాలుస్తూ పోయి, ఉత్తరాన మూడు ముక్కలై ఆరిపోయింది. అయిదారు సెకన్లు ఉంటుందేమో. చప్పుడు లేదు. పక్షులు కూడా అరవలేదు. అది పోయిన దారంతా తెల్లటి పొగ చార మిగిలింది. కింద చీకటి పడుతున్నా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంది కాబట్టి ఆ చార నారింజ రంగు తిరిగింది. పై గాలికి మెల్లగా మెలికలు పడి, పింజలు పింజలుగా విడిపోయింది. పన్నెండేళ్ళుగా దూది ఏకుతున్నవాడికి అంతకన్నా అందమైన దూది ఎప్పుడూ కనబడలేదు. మూడు నిమిషాలకో నాలుగు నిమిషాలకో దూరంగా ఉరిమినట్టు మోత వచ్చింది. మౌలాలి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. ఇంత పెద్ద గుట్ట మీద తను ఒక్కడే ఉన్నప్పుడు ఇది రావడం ఊరికే జరగదనుకున్నాడు.

చార పూర్తిగా చెదిరిపోయేదాకా చూశాడు. అప్పటికి చేతిలో ఖర్జూరం చెమటకి నాని ఉంది. అది నోట్లో వేసుకున్నప్పుడు, తను వచ్చిన పని గుర్తొచ్చింది. పడమటికి తిరిగాడు. దుమ్ము, దాని కింద నలుపు. అంతే.

దిగుతూ దారిపొడుగునా లెక్కలు కట్టుకున్నాడు. పంచాంగం ప్రకారం ఇవాళ కనబడాలి. దుమ్ము పల్చగానే ఉంది కాబట్టి కనబడే ఉంటుంది. కనబడే ఉంటే తను చూసినట్టే. పదకొండేళ్ళలో తప్పని కళ్ళు ఇవాళ మాత్రం ఎందుకు తప్పుతాయి. మధ్యలో లాలప్ప కలిసి, ఏమబ్బా ఇంత ఆలిస్యం అన్నాడు. మౌలాలి ఆగకుండా దిగాడు.

మసీదు ముందు నూరు మంది దాకా ఉన్నారు. ఖాదరువలీ గడప లోపల నిలబడి ఉన్నాడు. మౌలాలి ద్వారబంధం పట్టుకున్నాడు.

"నెలవంక చూసినావా?"

"చూసినా."

"ఈ కండ్లతో?"

"ఈ కండ్లతోనే."

లాలప్ప తను కూడా చూశానన్నాడు. నగారా మోగింది. పిల్లకాయలు వీధుల్లోకి పరిగెత్తారు. సేమ్యాల దుకాణం వాడు తలుపులన్నీ బార్లా తీశాడు.

అప్పుడు మౌలాలి తను చెప్పాలనుకున్నది చెప్పాడు. నిప్పుముద్ద సంగతి. సైజు, రంగులు, మూడు ముక్కలు, పొగ చార, మోత అన్నీ.  మొదట విన్నారు. అది పోయిన వేళకి ఊరంతా చూరు కింద ఉపవాసం విడుస్తోంది, ఆకాశం వైపు ఎవరూ చూడలేదు. తర్వాత ఒకడు నవ్వాడు. పగలంతా ఉపవాసముండి గుట్టెక్కితే నాకూ చుక్కలు కనపడతాయన్నాడు ఇంకొకడు. మోత సంగతి అందరికీ తెలిసిందే, నాపరాళ్ళ గనిలో తూటా పేల్చారన్నారు. ఖాదరువలీ లాలప్పని అడిగాడు. నేను పక్కనే ఉంటిని, నిప్పూ లేదు ముద్దా లేదు, నెలవంక మాత్రం చూసినా అన్నాడు లాలప్ప గట్టిగా. మౌలాలి అతని వైపు చూశాడు. పక్కన లేవని అంటే నెలవంక సాక్ష్యమూ పోతుంది.

ఇదీ మౌలాలి బాధ. గురువు దగ్గర చెప్పుకున్నప్పుడు మాత్రం సగమే చెప్పాడు. ఊరంతా తన మాట మీద పండగ చేసుకుంటోంది, అదే నోటితో నిప్పుముద్ద చూశానంటే నవ్వుతోంది. సామి ఒక్క మాట చెబితే నమ్ముతారు.

నన్నేసా అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. నగారా చప్పుడు వింటున్నాడో లేదో తెలియదు. మొదటినించీ చెప్పమన్నాడు. మౌలాలి చెప్పాడు. ముసలాయన మధ్యమధ్య అడిగాడు, ఏ రంగు ముందు వచ్చింది, మోత ఎటునించి వచ్చింది అని. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. మౌలాలికి ఉత్సాహం వచ్చింది. ఇట్లా చెప్పుకునేవాళ్ళు దొరకడమే గొప్ప.

"పొగ ఎంతసేపు నిలిచింది?"

"చానాసేపు సామీ. మొత్తం చెదిరిపోయేదాకా చూసినా. రెప్ప గూడా వెయ్యల్యా."

"ఉత్తరం దిక్కునా?"

"ఉత్తరమే. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా." కాసేపాగి, లోపల దాచుకున్నది బయటపెట్టాడు. "అది నా కోసమే వచ్చిందనిపించె సామీ."

"దానికి నీ పేరు ఎవరు చెప్పినారు?"

మౌలాలి నవ్వబోయి ఆగిపోయాడు. గురువు నవ్వడం లేదు.  వీధిలో ఎవరో సేమ్యాల పొట్లం పట్టుకుని పండగ పండగ అనుకుంటూ పోయారు.

"నెలవంక?" అన్నాడు నన్నేసా.

"కనపడింది సామీ."

నిప్పుముద్ద గురించి గంటసేపు మాట్లాడినవాడు నెలవంక గురించి రెండే మాటలన్నాడు. ఆ తేడా తనకే వినబడింది.

నన్నేసా చేత్తో తడుముకుంటూ లేచాడు. లోపలికి వెళ్ళి, డబ్బాలోంచి రెండు దోసిళ్ళ బియ్యం గిన్నెలో పోసి, తెచ్చి మౌలాలి ముందు పెట్టాడు.

"కడుగు," అన్నాడు. "తెల్లారకముందే వండి నన్ను లేపాల. రేపు నేను రోజా."

మౌలాలికి ముందు అర్థం కాలేదు. తర్వాత భయం వేసింది. తెల్లవారకముందు తిని ఉపవాసం మొదలుపెట్టడం రంజాను నెలలోని సంగతి. పండగనాడు ఉపవాసం ఉండకూడదు, అది పాపం. ఆ మాటే అన్నాడు.

"పండగనాడు ఉండగూడదు. నిజమే," అన్నాడు ముసలాయన.

"మరి సామీ?"

"బియ్యం కడుగు."

 నన్నేసా అరుగు మీద అటు తిరిగి పడుకున్నాడు. అలిగినట్టు కాదు, పని అయిపోయినవాడు పడుకున్నట్టు.

మౌలాలి గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి కడిగాడు. రెండోసారి కడిగాడు. నెలవంకని నిజంగా చూసి ఉంటే తను ఇప్పుడు చెయ్యాల్సింది ఏమిటి? ఈ గిన్నె ఇక్కడే పెట్టి, వెళ్ళి గురువు కాళ్ళు పట్టుకోవాలి. వద్దు సామీ, పాపం, నేను చూశాను, నా కళ్ళ మీద ఒట్టు అనాలి. పన్నెండేళ్ళు తిండి పెట్టిన మనిషిని పాపం చెయ్యనిస్తాడా ఎవడైనా? అంత చిన్న మాట. లేచి అరుగు దాకా వెళ్ళాడు కూడా. నోరు తెరిచాడు. రాలేదు. మళ్ళీ తొట్టి దగ్గరికి వచ్చాడు. మూడోసారి కడిగాడు.

ఒక్క ముసలాయన రేపు ఉపవాసం ఉంటాడు. ఊరంతా ఉండదు. తన ఒక్క మాట వల్ల మూడొందల గడపలు ముప్ఫయ్యో ఉపవాసం ఎగ్గొడతాయి. ముసలివాళ్ళు, బాలింతలు తప్ప అందరూ, ఈ నెలలో జొరంతో కూడా ఒక్కటి విడవని ఖాదరువలీతో సహా. వెళ్ళి చెబితే? మౌలాలి చూస్తే పండగ అన్న ఊరు ఇక జన్మలో తన మాట నమ్మదు. చెప్పకపోతే? చెప్పకపోతే ఎవరికీ తెలియదు, లాలప్పకి తప్ప. లాలప్పకి అసలు ఏమీ తెలియదు.

నాలుగోసారి కడిగేసరికి నీళ్ళు బావిలో నీళ్ళంత తేటగా ఉన్నాయి. గిన్నె మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుని, మసీదుకి బయల్దేరాడు.

దారి పొడుగునా ఇళ్ళల్లో పొయ్యిలు మండుతున్నాయి. కుట్టుమిషన్లు మోగుతున్నాయి. ఎవరో పిలిచి, మౌలాలీ నీ నోట్లో చక్కెర పొయ్య అన్నారు. అతను తల వంచుకుని నడిచాడు.

రాత్రి నమాజు అప్పుడే అయింది. జనం ఇంకా లేవలేదు. మౌలాలి లోపలికి పోలేదు. గడప బయట నిలబడి, సాయంత్రం పట్టుకున్నట్టే ద్వారబంధం పట్టుకున్నాడు. అట్లా ఎవరూ రెండోసారి నిలబడ్డం ఆ ఊళ్ళో లేదు. ఒకరొకరే తిరిగి చూశారు.

"నేను నెలవంక చూడలేదు," అన్నాడు. "నిప్పుముద్ద చూస్తా ఉండిపోయినా. అబద్ధం చెప్పినా."

 ఒక్కసారిగా గోల. ఇంట్లో పాలు కాచినామే అని ఒకడు, బట్టలు సగం కుట్టి పారేసిన దర్జీ ఒకడు, నగారా కొట్టి చేతులు బొబ్బలెక్కినవాడు ఒకడు. మగాళ్ళ కళ్ళు నమ్ముకుంటే ఇంతేనని అవతల గోడ మీదుగా ఒక ఆడమనిషి గొంతు. మౌలాలి ద్వారబంధం వదల్లేదు. ఖాదరువలీ చెయ్యెత్తి అందర్నీ ఆపి, లాలప్ప కోసం చూశాడు. లాలప్ప స్తంభం చాటున ఉన్నాడు.

"ఏం లాలప్పా. నువ్వు చూసినావా?"

లాలప్ప తల గోక్కున్నాడు. "వాడు చూడలేదంటే నేనూ చూడల్యా," అన్నాడు.

"మరి ఏం చూసినావు?"

"మౌలాలిని చూసినా. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి."

కోపంగా ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వుకి ధైర్యం వచ్చినట్టుంది, లాలప్ప ఇంకో మాట చెప్పాడు. బీడీ ముట్టించుకుంటున్నప్పుడు ఎదురుగా బండ మీద తన నీడ ఆ కొస నించి ఈ కొస దాకా జరిగిందట. అగ్గిపుల్ల వెలుగనుకున్నాడు. అగ్గిపుల్ల అంత వెలుగు ఎట్లా ఇస్తుందని అప్పుడే అనుమానం వచ్చిందిట గానీ, బీడీ అంటుకున్నాక మరిచిపోయాడు.

 గనిలో పనిచేసేవాడొకడు, ఇవాళ మధ్యాన్నం నించే గని మూసేశారు, తూటా ఎవరూ పేల్చలేదు అన్నాడు. ఆ మాట సాయంత్రమే ఎందుకు చెప్పలేదురా అంటే, నన్నెవరూ అడగలేదన్నాడు. లేని నిప్పుముద్ద కోసం ఎవడూ ఉన్న పరువు పోగొట్టుకోడు అన్నాడు దర్జీ. అంతే, నిప్పుముద్ద నిజమైపోయింది. ఎంత పెద్దది, ఏ రంగు అని మౌలాలి చుట్టూ చేరారు. విచిత్రం ఏమిటంటే అతనికి ఇప్పుడు చెప్పాలనిపించలేదు. ఉత్తరానికి పోయింది, అంత మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

రేపు ముప్ఫయ్యో ఉపవాసం అని వీధుల్లో చాటించమన్నాడు ఖాదరువలీ. చాటేవాడు రెండు వీధులు తిరిగాడో లేదో, పక్క ఊరు కానాలపేట నించి ముగ్గురు మనుషులు సైకిళ్ళ మీద వచ్చారు. కానాలపేటకి పడమట అడ్డేమీ లేదు. అక్కడ పదిహేను మంది నెలవంక చూశారు. ఈ వచ్చిన ముగ్గురూ చూసినవాళ్ళే. ఒక్కొక్కణ్ణే గడప బయట నిలబెట్టి, ఏ పక్కకి వంగి ఉంది, ఎంత ఎత్తున ఉంది అని ఖాదరువలీ గుచ్చిగుచ్చి అడిగాడు. ముగ్గురూ ఒకటే చెప్పారు. నిప్పుముద్ద మాట ఆయన ఎత్తలేదు, కావలసింది నెలవంక. సాయంత్రం మౌలాలిని ఆయన ఇన్ని అడగలేదు. మళ్ళీ నగారా మోగింది.

పండగ రేపే. మొదట అనుకున్నట్టే.

మౌలాలి ఇంటికి వచ్చి గురువు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. దాచుకోలేదు, పెంచలేదు. చివర్న, "అబద్ధం చెప్పినప్పుడూ పండగ రేపే సామీ, నిజం చెప్పినప్పుడూ పండగ రేపే," అన్నాడు. గొంతులో కొంచెం చేదు ఉంది. ఊరకే పరువు పోయిందన్న చేదు. పోవాల్సిన పని లేకుండా పోయిందన్నది.

నన్నేసా అంతా విన్నాడు.

"అయితే నన్ను తెల్లారకముందు లేపద్దులే," అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పండగ బాగా జరిగింది. కొత్త బట్టలు కొందరివి గుండీలు లేకుండానే వచ్చాయి. నమాజయ్యాక ఏటా లాగే పెద్దలు నన్నేసా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని సేమ్యాల పాయసం తాగారు. మౌలాలి గ్లాసులు అందించాడు. ఎవరూ అతనితో ముభావంగా లేరు, అట్లాగని ముఖం చూసి మాట్లాడనూ లేదు.

కొంతసేపటికి ఖాదరువలీ వచ్చిన పని చెప్పాడు. ఇంక రెండు నెలలు పోతే బక్రీదు. దానికీ నెలవంక చూడాలి. ఈసారి గుట్టెక్కడానికి వేరేవాణ్ణి పెట్టాలని ఊరివాళ్ళ ఆలోచన. మౌలాలి మీద కోపం ఏమీ లేదు, అయినా ఒకసారి అబద్ధమాడిన నోరు. సామి ఒక పేరు చెబితే బాగుంటుంది.

మనుషులు లేకపోలేదు, అక్కడే ముగ్గురు తయారుగా ఉన్నారు. దర్జీ తమ్ముడు తన కళ్ళు గద్ద కళ్ళన్నాడు, చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తానన్నాడు. నగారా కొట్టేవాడు మబ్బు వెనక ఉన్నా కనిపెడతానన్నాడు. మూడోవాడు పెద్దగా మాట్లాడలేదు గానీ, తను ఇంతవరకూ జీవితంలో ఒక్కసారి కూడా పొరపాటు పడలేదన్నాడు. లాలప్ప ఒక మూల కూర్చుని, రెండో సాక్షి సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. ఎవరూ ఎత్తలేదు.

నన్నేసా అందరి మాటలూ విన్నాడు. గ్లాసు అడుగున మిగిలిన పాయసం తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"చూడలేదు అని చెప్పగలిగినోణ్ణి పంపండి," అన్నాడు.

ఖాదరువలీ ముగ్గురి వైపూ చూశాడు. తర్వాత వాకిట్లోకి చూశాడు. అక్కడ మౌలాలి ఖాళీ గ్లాసులు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.